బురుజు మెట్లు తొంభై రెండు

స్కూలు బస్సు కనబడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కోటలో నాలుగేళ్ళుగా గైడ్‌ని. ఫీల్డ్ ట్రిప్పుల సంబడం చూసీ చూసీ విసుగొచ్చింది. బస్సు దిగుతారు, బోర్డు మీదున్నది నోట్‌బుక్కులోకి ఎక్కిస్తారు, కోటకి వీపు చూపించి ఫోటో దిగుతారు, చిప్స్ తిని పోతారు. దాన్ని చరిత్ర అంటారట!

ఆ రోజు వచ్చిన కొత్త సోషల్ టీచర్ దిగీ దిగగానే నా బోర్డు మీద న్యూస్‌పేపరు అంటించేసింది.

“ఏమండీ! అది నేను రాయించిన బోర్డు!”

“చూసి రాస్తారనే మూశానండీ. ఇవాళ కోటని చూస్తారు.”

“అబ్బో! వీళ్ళ చూపు చిప్స్ ప్యాకెట్టు దాటితే కదా!”

ఆమె నన్నొక చూపు చూసింది. తిట్టినా అంత తగిలేది కాదు.

“కాపీ కొట్టడానికి బస్సెందుకన్నారు మా హెడ్‌మాస్టరు. బోర్డులో లేనిది ఒక్కటైనా పిల్లలు కనుక్కోవాలి, దానికి గైడ్ సంతకం ఉండాలి. లేదంటే ఇదే ఆఖరి ట్రిప్పు.”

“మహా తెలివైనవారండీ మీ హెడ్‌మాస్టరు,” అన్నాను.

చినుకులు మొదలయ్యాయి. అరగంటకి పిల్లలు తడిసి ముద్దయి బురుజు దిగొచ్చారు.

“సార్, మెట్లు తొంభై రెండు!”

“నూట పద్నాలుగు, బోర్డు మీదే ఉంది. లెక్కలు కూడా రావన్నమాట!”

“అయితే మీరే ఎక్కండి,” అంది టీచర్.

ఎక్కాను. వెనకాల నలభై గొంతులు లెక్కపెడుతుంటే తొంభై రెండు దగ్గర గోడ అడ్డొచ్చింది. రెండు జడల పిల్ల ఆ గోడని తట్టింది. లోపల డొల్లగా మోగింది.

“మిగతా మెట్లు దీని వెనకాల ఉన్నాయేమో సార్. తర్వాత కట్టినట్టున్నారు, ఇటుకలు వేరేగా ఉన్నాయి.”

నేనూ తట్టి చూశాను, డొల్లే. పాత బోర్డులోని అంకెని కొత్త బోర్డుకి ఎక్కించిందెవరు? నేనే. ఒక్కసారైనా లెక్కపెట్టానా? ఈ పిల్లల్ని వెక్కిరించడానికి నాకేం మొహం ఉంది?

టీచర్ కాగితం చాపింది. ‘నాలుగేళ్ళుగా తప్పు చెబుతున్నాను. పిల్లలు సరిదిద్దారు’ అని రాసి సంతకం పెట్టాను.

“ఇలా రాస్తే మీ ఆఫీసరు ఊరుకుంటారా?” ఆమె గొంతు మొదటిసారి మెత్తబడింది.

“చీవాట్లు పెడతారు. పెట్టనీండి, పడాల్సిందే.”

“థాంక్సండీ. వచ్చే నెల ఎనిమిదో క్లాసుని తీసుకొస్తాను.”

“పిల్లలు లేకుండా రారా?”

“ఎందుకు?”

“మీరు నాకు నచ్చారని చెప్పాలి. వీళ్ళందరి ముందూ ఎలా చెప్పను?”

“చెప్పేశారుగా సార్!” అని నలభై మందీ ఒక్కసారే అరిచారు.

ఆమె మొహం ఎర్రబడింది. “నడవండి, బస్సెక్కండి!” అని అందర్నీ అదిలించి, తను మాత్రం ఒక మెట్టు మీద ఆగింది.

“ఆదివారం వస్తాను. ఈలోగా ఆ వెటకారం కాస్త తగ్గించుకోండి.”