స్టిక్కరు మీది వాట్లు

"దీన్ని చేత్తో ఎత్తి చూడన్నా" అని ఉమాదేవి కంప్యూటర్‌కు కరెంటిచ్చే పవర్ సప్లై పెట్టె అందిస్తే, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆ అబ్బాయి నవ్వాడు.

"ఏందీ, గుమ్మడికాయ బేరమా?"

ఆమెకు నవ్వు రాలేదు. తండ్రి లింగయ్య నంద్యాల సంజీవనగర్‌లో కొట్టు పెట్టి ముప్పై ఏళ్లు ఆంప్లిఫయర్లు, స్టెబిలైజర్లు బాగుచేసిన మనిషి. ట్రాన్స్‌ఫార్మర్‌ను అరచేతిలో పెట్టుకుని, బరువుంటే మంచిదని, తేలికైతే నాసిరకమని చెప్పేవాడు. రెండు వేల ఏడులో ఆ కొట్టు కంప్యూటర్ సామాన్ల షాపయింది, బీయస్సీ ముగించిన కూతురు కౌంటర్లో కూర్చుంది, ఆ తూకం మాత్రం మారలేదు. ఉమాదేవి దానికి తన చదువు కూడా చేర్చింది. పెట్టె మీద వాట్లు కాదు, పన్నెండు వోల్టుల లైనులో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడాలి. తెర మీద బొమ్మల్ని నడిపే పెద్ద గ్రాఫిక్స్ కార్డు కరెంటు తాగేది అక్కడినుంచే.

అబ్బాయి పేరు మహేశ్వర్. పెళ్లి వీడియోల స్టూడియో నడుపుతున్నాడు. హైదరాబాదులో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు, దానికి సప్లై కావాలి. అతని కన్ను మాత్రం నీలం లైటు వెలిగే తేలిక పెట్టె మీద పడింది.

"ఆరు వందల యాభై వాట్లని రాసుండాది కదా."

"రాసేదానికేముందన్నా. నా మీద కలెక్టరని స్టిక్కరేస్తే కలెక్టరైపోతానా?"

అతను మళ్లీ నవ్వి, ఆ తేలికదే తీసుకున్నాడు. ఉమాదేవి బిల్లు కింద గుండ్రటి అక్షరాలతో "వద్దని చెప్పడమైనది" అని రాసి ఇచ్చింది.

పది రోజులకు అదే బిల్లు పట్టుకుని వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

జరిగింది ఇదీ. చెల్లెలు భ్రమరాంబిక పెళ్లి వీడియో అతనే తయారు చేస్తున్నాడు. సీడీ కాకముందే చూస్తానని ఆ పొద్దున బండి ఆత్మకూరు నుంచి చెల్లెలి అత్తగారు సరోజమ్మ స్టూడియోకొచ్చింది. సరిగ్గా తాళి కట్టే చోట కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే. మూడోసారీ అంతే. సరోజమ్మ లేచి, ఇది అపశకునమని, అహోబిలంలో శాంతి చేయించి అయ్యవారు సరేనన్నాకే కోడలిని తీసుకుపోతానని చెప్పింది. బతిమాలితే, రేపు ఒక్కసారి చూస్తానంది. రేపు కూడా ఆగితే అంతే సంగతులు.

"కార్డు చెడిపోయిందేమో" అన్నాడు మహేశ్వర్.

"తాళి కట్టే కాడ ఏమేమి పెట్టినావన్నా?"

అతను తల గోక్కుంటూ చెప్పాడు. పైనుంచి పూలు రాలతాయి, చుట్టూ దీపాలు తిరుగుతాయి, నాలుగు మూలలా దేవుళ్లు, నడుమ హృదయంలో పెళ్లిజంట గిరగిరా తిరుగుతుంటుంది.

"అన్నీ ఒకే ముహూర్తానికి తోలినావు. ఆ పెట్టెకు ఊపిరి యాడుంటాది?"

బరువైన సప్లైని ఈసారి అతనే రెండు చేతులా ఎత్తి చూశాడు. రేపు స్టూడియోకొచ్చి బిగించి పొమ్మన్నాడు.

మరునాడు లింగయ్య, ఉమాదేవి ఆళ్లగడ్డ బస్సెక్కారు. కిటికీలోంచి జల్లు కొడుతుంటే ఆమె పెట్టెను కొంగు కింద పెట్టుకుని, ఇదంతా పెట్టె కోసమేనని రెండుసార్లు తనకు తాను చెప్పుకుంది.

స్టూడియోలో భ్రమరాంబిక సర్దిన ట్రంకుపెట్టె పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆ ముఖం చూశాక ఉమాదేవి చేతులు బిరబిరా కదిలాయి. పాతది విప్పి, కొత్తది బిగించి, కార్డుకు రెండు వైర్లూ తగిలించింది.

సరోజమ్మ వచ్చింది. వీడియో నడిచింది. తాళి దగ్గర పడేసరికి ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. పూలు రాలాయి, దీపాలు తిరిగాయి, దేవుళ్లు నలుగురూ వెలిగారు.

"కట్టినాడా?"

"మూడు ముళ్లూ పడినాయి అత్తా" అంది భ్రమరాంబిక, ఏడుపు గొంతుతో.

సరోజమ్మ ఒక కన్ను తెరిచింది. "ఇంకోసారి వేయప్పా."

మూడుసార్లు వేయించుకుంది. ఎన్నిసార్లు ఆగిందో అన్నిసార్లు కట్టించాక, ట్రంకుపెట్టె జీపులో పెట్టమంది.

జీపు వెళ్లిపోయాక ఉమాదేవి స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుతోంది. లింగయ్య ఓ పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. మహేశ్వర్ ఆమెకు దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించాడు.

"షాపుకొచ్చిన ప్రతి మగోణ్ణీ 'అన్నా' అంటావు కదా. నన్నొక్కణ్ణి అందులోనుంచి తీసెయ్. మా అమ్మను నంద్యాలకు తోలిస్తా."

ఆమె స్క్రూలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువైంది. అతని అరచేతిలో కనిపించింది. తీసుకుంది.

"ఆ పాత సప్లై యాడ పెట్టినావ్? ఇంకెవురికీ ఈయద్దు" అంది.

మాట అక్కడితో ఆగింది. చివర రావాల్సిన 'అన్నా' రాలేదు.

లింగయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. లేచి వచ్చి మహేశ్వర్ చంకల కింద రెండు చేతులూ వేసి, నేల మీదినుంచి బెత్తెడు ఎత్తి, దించాడు.

"బరువుండాడు" అన్నాడు కూతురితో.