ఉత్తుత్తి చేపలు

పొద్దున్నే టీ వడబోద్దామని జల్లెడ తీసిన నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. జల్లెడ అంచు చుట్టూ పచ్చటి పొడి అంటుకుని ఉంది.

“ఏటండీ ఇది? టీ జల్లెడకి బీరువా రంగేటి?”

పెరటి అరుగు మీద కూర్చున్న జగ్గారావు తలైనా ఎత్తలేదు. “రాత్రి పొడి జల్లించేక కడిగీసేననుకున్నానే. కొంచెం మిగిలిపోనట్టుంది.”

“మిగిలిపోనాదా! ఇది తాగితే మా పేగులు పచ్చబడిపోవా?”

జగ్గారావు విశాఖపట్నంలో బీరువాలకీ, ఫ్యాన్లకీ పొడి రంగు వేసే కంపెనీలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. అది మూతపడ్డాక మిగిలిన రంగుపొడులు సీసాల్లో నింపుకుని భార్యతో, కూతురితో చోడవరం వచ్చేశాడు. అప్పటినుంచీ ఒకటే పిచ్చి. సీసం కరిగించి వేలెడంత చేపలు పోతపోస్తాడు. వాటిని స్టవ్వు మీద వేడిచేసి పొడిలో ముంచుతాడు. కొక్కేలకి తగిలించి ఓవెన్లో కాలుస్తాడు. రైవాడ రిజర్వాయర్లో కొర్రమీనులు వీటిని నిజం చేపలనుకుని గాలానికి పడతాయట. ఆ చేపలకి తెలివి లేకపోతే లేకపోయింది, ఈయనకేమొచ్చిందని నూకరత్నం బాధ.

ఆ ఓవెన్ ఆమె తమ్ముడు ప్రేమగా కొనిచ్చింది. అందులో ఆమె ఒకే ఒక్కసారి కేకు చేసుకుంది. ఆ తర్వాత సీసం చేపలు తప్ప ఇంకేమీ కాలలేదు.

“ఇటు సూడే రత్నం. పసుపూ నీలం కలిపితే ఆకుపచ్చ రాలేదు. దేని పొడి దానిదే, సుక్కలు సుక్కలుగా తేలింది. అచ్చం చేప పొలుసులాగ లేదూ?”

“ఆ సుక్కలు లెక్కెట్టుకుంటా కూకోండి. వడ్డాది బెల్లం గోడౌన్లో వాచ్‌మన్ పని ఉందని మా పెదబాబు ఎన్నిసార్లు సెప్పేడు?”

“బంగార్రాజు మాటిచ్చేడు కదే! రంగు ఊడకపోతే ఎన్ని సేస్తే అన్నీ తీసుకుంటానన్నాడు.”

బంగార్రాజు కంపెనీలో జగ్గారావుతో పనిచేసినవాడే. ఇప్పుడు హార్బరు దగ్గర గాలాల కొట్టు పెట్టుకున్నాడు. రంగు ఊడుతోందని ఇప్పటికి రెండుసార్లు సరుకు వెనక్కి పంపాడు.

జగ్గారావు చేపల్ని ఓవెన్లో వేలాడదీసి స్విచ్చి వేశాడు. “నాను తానం సేసొచ్చి కట్టీస్తాను. నువ్వు ముట్టుకోకు,” అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు.

గోడ మీద కరెంటు మీటరు గిర్రున తిరుగుతోంది. నూకరత్నం ఓవెన్ మూతకున్న అద్దంలోంచి చూసింది. పొడి కరిగి చేపలు నిగనిగలాడుతున్నాయి. అయిపోయింది కదా, ఇంకా కాల్చడమెందుకు? స్విచ్చి కట్టేసింది. ఆయన స్నానాల గది గెడ తీసిన చప్పుడు వినగానే మళ్ళీ వేస్తుంది. ఆమె ఇలా చేయడం ఇవాళ కొత్త కాదు.

ఇంతలో కూతురు చిన్నమ్మి స్టవ్వు దగ్గర్నుంచి కేకేసింది. “అమ్మా, దిబ్బరొట్టె ఎర్రగా వచ్చింది, దింపీమంటావా?”

“ఒసే గుంటా, ఎర్రబడితే అయిపోనట్టా? లోపల పిండి పచ్చిగా ఉంటాది. మూతెట్టి సన్నసెగ మీద ఉంచు!”

మర్నాడు ఆ చేపలు పట్టుకుని విశాఖపట్నం వెళ్ళిన జగ్గారావు సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాడు. పొట్లం అరుగు మీద పడేసి, సీసాల్లోని పొడి ఒక్కొక్కటే సిమెంటు సంచిలోకి ఒంపడం మొదలుపెట్టాడు.

“ఏటైందండీ?”

“బంగార్రాజు నా కళ్ళెదుటే రాతికేసి కొట్టేడు. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. పెదబాబుకి సెప్పు, ఆ గోడౌనుకి ఎల్తాను.”

ఇన్నాళ్ళూ ఆమె కోరింది ఈ మాటే. తీరా విన్నాక గుండెలో కలుక్కుమంది. “అంత కష్టపడి కలిపి అలా పారబోస్తారేటి? రంగే మంచిది కాదేమో!” అని అరిచింది.

“రంగు మంచిదే. నా సెయ్యే పోనాది.” జగ్గారావు తన అరచేతుల కేసి చూసుకున్నాడు. “పొడి కరిగి మెరిసినంత మాత్రాన అవదే. అరగంటసేపు సెగ నిలిస్తేనే గట్టిగా పడతాది. సెగ నిలబెట్టేను కదా. మరెందుకు ఊడతంది? ఇరవై ఏళ్ళలో నా సేతి బీరువా ఒక్కటి వెనక్కి రాలేదు.”

నూకరత్నానికి నిన్నటి దిబ్బరొట్టె గుర్తొచ్చింది. కూతుర్ని కసిరిన మాట తన చెవిలోనే మోగింది. వెళ్ళి ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది.

“నానే కట్టీసీదాన్ని.”

“ఏటి?”

“ఓవెను. మీరు తానానికి ఎల్లగానే కట్టీసి, గెడ సప్పుడవగానే మళ్ళీ ఏసీదాన్ని. మెరిసిపోతంది కదా, కరెంటు దండగనుకున్నాను.”

“ఇన్నాళ్ళూనా?”

“ఇన్నాళ్ళూ,” అంది ఆమె. ఇల్లెగిరిపోయేలా అరుస్తాడనుకుంది. జగ్గారావు అరవలేదు. ముఖం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “నా సెయ్యి పోయిందనుకున్నాను కదే! నాకింక పనే రాదనుకున్నాను!”

పెళ్ళయ్యాక ఆయన ఏడవడం ఆమె చూడలేదు. ఆయన చేతులు రెండూ తన ఒళ్ళోకి తీసుకుని తనూ బావురుమంది. “సెయ్యి బాగానే ఉంది. నా తొందరే ఇంత పని సేసింది.”

మర్నాడు పొద్దున్నే జగ్గారావు సీసాల్లో మిగిలిన పొడి జల్లించి, కొత్త చేపలకి పట్టించి ఓవెన్లో వేలాడదీశాడు. నూకరత్నం ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చుంది. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

“అమ్మా, మీటరు గిర్రున తిరుగుతంది,” అంది చిన్నమ్మి నవ్వుతూ.

“తిరగనీ. నీకెందుకు?”

చేపలు చల్లారాక జగ్గారావు ఒకదాన్ని రుబ్బురోలుకేసి కొట్టాడు. రంగు ఊడలేదు. నూకరత్నం ఊరుకోక దాన్ని లాక్కుని బలమంతా పెట్టి తనూ కొట్టింది. ముక్కు దగ్గర సీసం సొట్టపోయింది గానీ రంగు చుక్క ఒక్కటి కూడా చెదరలేదు.

“ఒసే, సరుకంతా నువ్వే పాడుసేసేలా ఉన్నావు!” అంటూ జగ్గారావు పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

ఆమె కళ్ళు తుడుచుకుని టీ పెట్టడానికి లేచింది. జల్లెడ నిండా మళ్ళీ పచ్చటి పొడే. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసి, దాన్ని తీసుకెళ్ళి ఆయన సీసాల పక్కన పెట్టింది. ఆ రోజు టీ పాత పంచె ముక్కలో వడబోసింది.