ఆయుధ పూజనాడు మోగని ఫోన్

“కందిపప్పు ఉన్నదా?” అని అవతలివాడు అడుగుతాడు. “పాతది ఉన్నది” అని జవాబివ్వాలి. వికారాబాద్‌లోని ఆ ఆఫీసులో ఏజెంట్ సింధుజ ఆ ఒక్క కాల్ కోసం పొద్దుటి నుంచి కాచుకుని కూర్చుంది.

బయట బోర్డు పప్పుల వ్యాపారానిది. లోపల నడిచేది గూఢచారి విభాగం. ఫోన్ చేయబోయేవాడు అరుణ్‌కుమార్. దోమ అనే ఊరి దగ్గర గొర్రెలు కాసుకునేవాణ్ని సింధుజే ఈ పనిలోకి లాక్కొచ్చింది. ఇప్పుడతను తాండూరులో ఓ విదేశీ ముఠా లారీకి క్లీనర్. దొంగిలించిన రాడార్ పరికరం ఒకటి బండల లోడు కింద ఈరోజే రాష్ట్ర సరిహద్దు దాటుతుంది. దాటాక క్లీనర్‌ను బతకనివ్వరు. ముఠావాళ్లు అందరి సెల్‌ఫోన్లూ లాగేసుకున్నారు. దారిలో యాలాల్ ఊళ్లోని చాయ్ హోటల్ ఫోన్ నుంచి అతను దారి చెబితేనే మనవాళ్లు అడ్డగించగలరు. అతనికి కంఠతా వచ్చింది ఈ ఒక్క నంబరే.

హాల్లో చీఫ్ విజయ్‌కుమార్ రివాల్వర్లకు, జీపులకు, కంప్యూటర్లకు బొట్లు పెడుతున్నాడు. పక్కనే నెమలికంఠం రంగు పట్టుచీరలో ప్రియదర్శిని, ఆఫీసు ఇంటర్నెట్ ఫోన్ల కన్సల్టెంట్. ఫోన్లకు నెట్టూ కరెంటూ ఒకే కేబుల్లో పంపే స్విచ్‌ను ఎంపిక చేసింది ఆవిడే.

“ఆ స్విచ్ వద్దని అప్పుడే చెప్పిన సార్. పోర్టులు మస్తున్నయ్ గని అన్ని ఫోన్లకు సరిపడ పవర్ లేదు” అంది సింధుజ.

“డెమోల మంచిగనే నడిచింది గదమ్మా.”

“ఒక్కో ఫోన్ ఇడిగ పెట్టి చూపించిన్రు సార్.”

“పండగపూట జర నవ్వండి సింధుజా” అంది ప్రియదర్శిని తియ్యగా.

విజయ్‌కుమార్ గుమ్మడికాయ అందుకున్నాడు. “మెయిన్ బంద్ చెయ్యుండ్రి. పూజైతుంటే మిషన్లు నడవొద్దు.”

“సార్, ఫోన్ల లైనన్న వదిలెయ్యుండ్రి! అరుణ్ కాల్ వస్తది.”

“ఎంతసేపమ్మా? ఏం ఫికర్ చెయ్యకు.”

ఇన్వర్టర్‌తో సహా మెయిన్ ఆపారు. హారతిచ్చారు. గుమ్మడికాయ పగలగొట్టి మెయిన్ వేశారు.

ఫోన్లన్నీ ఒక్కసారిగా మేల్కొన్నాయి. ఊరికే కూర్చున్న ఫోన్ కంటే మేల్కొనే ఫోన్ ఎక్కువ కరెంటు లాగుతుంది. స్విచ్ ఆ బరువు మోయలేక ఆగిపోయింది. మళ్లీ లేచింది, ఫోన్లన్నీ మళ్లీ ఒకేసారి అడిగాయి, మళ్లీ ఆగిపోయింది.

సింధుజకు అప్పుడు అర్థమైంది. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఆదుకునే ఈ ఆఫీసులో ఫోన్లన్నీ కలిసి మేల్కొనేది ఏడాదికి ఒక్క ఆయుధ పూజనాడే. ఆ సంగతి తెలిసే ఎవరో ఈ స్విచ్‌ను ఏరి కొనిపించారు. తల తిప్పి చూసింది. పట్టుచీర అప్పటికే గుమ్మం దాటుతోంది.

“ఆ కాల్ రాదు సింధుజా” అంది ప్రియదర్శిని వెనక్కి తిరగకుండానే.

పరిగెత్తితే ఆవిడ దొరుకుతుంది. కానీ అరుణ్ దక్కడు. సింధుజ పళ్లు కొరుక్కుంటూ ఆవిణ్ని పోనిచ్చింది. స్విచ్ దగ్గరికి దూకి, తన ఫోన్ కేబుల్, బయటి లైను వదిలేసి మిగతావన్నీ గుప్పిళ్లతో పీకేసింది. స్విచ్ నిలబడింది. ఒకే ఒక్క ఫోన్ తెర మీద గీతలు తీరిగ్గా పాకాయి. “జల్ది, జల్ది” అని ఆమె దాన్ని బతిమాలుకుంది.

మోగింది.

“కందిపప్పు... ఉన్నదా అక్కా?”

“పాతది ఉన్నది. చెప్పు తమ్ముడు!”

“రోడ్డు మీదికెల్లి కాదు. యాలాల్ దాటినంక చేన్ల నడుమ బండ్ల బాట. ఇంతకుముందు చేస్తే కలువలే. మల్ల చేస్తుంటే చూసిన్రు అక్కా, వాళ్లు నా దిక్కే వస్తున్న...”

దెబ్బ చప్పుడు. లైను తెగింది.

సరిహద్దు ఇవతలే, లారీ ఆఖరి చేను దాటబోతుండగా మనవాళ్లు చుట్టుముట్టారు. పరికరం దొరికింది. అరుణ్ ప్రాణాలతో దొరికాడు. రెండోసారి ఫోన్ చేసినందుకు కొట్టిన దెబ్బలకు అతని కుడి చెవి పోయింది. ఆస్పత్రిలో సింధుజ చెప్పిన క్షమాపణ అతనికి సగమే వినిపించింది.

ప్రియదర్శిని దొరకలేదు. విజయ్‌కుమార్‌కు పతకం దొరికింది. విచారణ ఆయనే జరిపి, తప్పంతా గుమ్మడికాయదని తేల్చాడు. నడుస్తున్న వస్తువును మార్చడానికి రూలు ఒప్పుకోదు కనుక స్విచ్ అక్కడే ఉంది.

వచ్చే పండక్కి దానికి రెండు నిమ్మకాయలు కట్టాలని ఆర్డర్ వేశాడు.