సొంత ముద్ర

యూవెన్ సంచి సర్దుతోంది. స్వెటర్, గుర్తింపు కార్డు, పేరు చెక్కిన చిన్న ముద్ర. తైవాన్‌లో ఓటు వేయాలంటే సొంతూరు వెళ్ళాల్సిందే. ఆమె ఉద్యోగం తైపీలో, ఓటు జియాయీలో.

"ముద్ర మరిచిపోతే బ్యాలెట్ మీద ముద్దు పెట్టి రావచ్చా?" అన్నాడు వింగ్‌హో. హాంకాంగ్ కుర్రాడు. మూడు నెలల క్రితం వానలో పొరపాటున ఆమె గొడుగు పట్టుకెళ్ళాడు. తిరిగివ్వడానికి వచ్చినవాడు ఇంకా పూర్తిగా వెళ్ళలేదు.

"చెల్లదు. సొంత ముద్ర వేసినా చెల్లదు. అది ఓటర్ల జాబితాలో మన పేరు పక్కన వేయడానికే. బ్యాలెట్ మీద అక్కడి అధికారులిచ్చిందే వేయాలి. నువ్వూ రా."

"ఓటు లేనివాడికి అక్కడేం పని?"

"మా ఊరి ప్రత్యేకం, టర్కీ కోడి అన్నం తిందువుగాని, పద!"

మర్నాడు సాయంత్రం జియాయీ బడిలో లెక్కింపు. తలుపులు బార్లా తెరిచి, ఒక్కో ఓటూ పైకెత్తి, పేరు అరిచి చెబుతున్నారు. వరండాలో జనంతో పాటు వీళ్ళిద్దరూ, యూవెన్ నాన్నా నిలబడ్డారు.

"చెల్లని ఓటు! సొంత ముద్ర వేశారు!"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్నా, నువ్వేనా?"

"చేతిలో ఉన్నది వేసేశానే. మెల్లగా మాట్లాడు!"

వింగ్‌హో పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "చెల్లనిదాన్ని కూడా చూపిస్తారా అంకుల్?"

"చూపించకపోతే ఎలా నమ్ముతాం బాబూ? నా చిన్నప్పుడు లెక్కింపులో కరెంటు పోయేది. వచ్చేసరికి గెలిచినవాడు మారిపోయేవాడు. అందుకే ఇప్పటికీ నిలబడి చూస్తాం."

తెల్లారాక ఆయన వింగ్‌హో చేతిలో ఒక డబ్బా పెట్టాడు. లోపల వింగ్‌హో పేరు చెక్కిన కొత్త ముద్ర. "పెళ్ళి కాగితాలకి పనికొస్తుంది. బ్యాలెట్ మీద మాత్రం వేయకు."

వారం తిరిగేసరికి విమానాశ్రయం.

"ఉండిపో," అంది యూవెన్.

"హాంకాంగ్‌లో ప్రజాస్వామ్యం కోసం నాతో ఊరేగింపులో నడిచినవాడి కేసు విచారణకొచ్చింది. సాక్ష్యం చెబుతానని మాటిచ్చాను."

"నిన్నూ పట్టుకుంటే?"

"మీ నాన్న చెప్పారుగా. ఎవరో ఒకరు నిలబడి చూడాలి." ముద్ర ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "నువ్వంటే ప్రాణం యూవెన్. కాగితం సిద్ధం చెయ్యి, వచ్చి వేస్తాను."

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఎన్నికలొచ్చాయి. యూవెన్ సంచిలో రెండు ముద్రలు పెట్టుకుంది.

వింగ్‌హో 2020 జనవరి 19న హాంకాంగ్ విమానం ఎక్కాడు. తిరిగి రాలేదు.