మానేరు మీద ఒక్క రౌండు

"మెకానిక్ ఎప్పుడొస్తుండో జర కనుక్కుంటవా అమ్మా?" పడవ అడుగున వంగి ఏదో వెతుకుతున్న అమ్మాయిని అడిగాడు ఉజ్వల్.

మమతారాణి తలెత్తలేదు. "మెకానిక్ వచ్చి గంటయితుంది. నువ్వు పక్కకు జరిగితే జర వెలుతురన్నా వస్తది."

కరీంనగర్‌లో మానేరు డ్యాం ఒడ్డున కట్టేసిన ఆ పాత లాంచీని ఉజ్వల్ తండ్రి కరుణాకర్‌రావు కొత్తగా కొన్నాడు. ఆదివారం నుంచి జనాన్ని షికారు తిప్పాలని ఆయన ఆరాటం. మమతారాణి సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే పర్శరాములు బిడ్డ. ఐటీఐలో ఫిట్టర్ చదివింది. పంపుసెట్లతో మొదలుపెట్టి, ఇప్పుడు కడెం ప్రాజెక్టు దాకా పోయి బోట్లు బాగుచేసి వస్తోంది.

ఇంజను చల్లబడటానికి బయటి నీళ్లను లోపలికి తీసుకునే వాల్వు ఒకటి లాంచీ అడుగున ఉంది. ఏళ్లుగా ఎవరూ ముట్టక, తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోయింది. పైన రబ్బరు పైపు ఊడిందంటే నీళ్లను ఆపడానికి ఉన్నది అదొక్కటే.

ఉజ్వల్ ఉత్సాహంగా ఇనుప గొట్టం తెచ్చాడు. "పిడికి దీన్ని తొడిగి గట్టిగ గుంజుదామా?"

"గుంజు. పిడి నీ చేతికొస్తది, పడవ మానేట్ల కలుస్తది."

"గంత కోపమెందుకు?"

"కోపం గాదు. నాకు ఈత రాదు."

గొట్టం పక్కన పెట్టేశాడు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ వాల్వుకు చుట్టాలి, సందుల్లో నూనె చుక్కలు వేయాలి, చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. ఆమె చెప్పినట్టల్లా చేశాడు. ఒకసారి మాత్రం వేడినీళ్ల ఫ్లాస్కు, చాయ్ ఫ్లాస్కు తారుమారయ్యాయి.

"వాల్వుకు చాయ్ తాపుతున్నవా?"

"పొద్దుగాల లేచి కష్టపడుతుంది గదా పాపం!"

ఆమె నవ్వింది. మళ్లీ మొహం సీరియస్‌గా పెట్టుకోవాలనుకుంది గాని కుదరలేదు.

మూడో రోజు వాన దంచికొట్టింది. టార్పాలిన్ కింద ఇద్దరూ మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుని వాల్వును తడుతూనే ఉన్నారు. ఉన్నట్టుండి పిడి కిర్రుమని సగం తిరిగింది. ఉజ్వల్ ఎగిరి గంతేసి పైకప్పుకు తల కొట్టుకున్నాడు.

"నీ ముక్కుకు గ్రీసంటింది," అన్నాడు తల రుద్దుకుంటూనే.

"తుడువకు. నీ చేతికి ఇంకెక్కువున్నది."

అయినా తుడిచాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకోలేదు.

మమతారాణి పిడిని మరోసారి తిప్పి చూసింది. "సగమే తిరుగుతుంది. పూరా మూతపడది. లాంచీని ఒడ్డుకు గుంజి కొత్త వాల్వు పెట్టాలె. అప్పటిదాంక నడుపొద్దని మీ బాపుకు చెప్పు."

"చెప్త. నా మీద ఇడిసిపెట్టు, మమతా."

మమతా! సిరిసిల్ల బస్సులో ఆ పిలుపు ఆమె పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది.

కొత్త వాల్వు కోసం ఆమె హైదరాబాద్ పోయింది. ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని డ్యాం దగ్గర దిగేసరికి లాంచీకి పూలదండలు, లోపల పిల్లాపాపలతో జనం. ఇంజను ఆన్‌లో ఉంది. పరుగెత్తి ఎక్కి ఉజ్వల్‌ను నిలదీసింది.

"బాపుకు చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్న. ఆయన అందరినీ పిలిచిండు. ఒక్క రౌండే, మమతా. రేపు మారుద్దాం."

ఆమె "ఆపు" అనేలోపే లాంచీ ఒడ్డు వదిలింది.

నడి మానేట్లో పైపు ఊడింది. నీళ్లు బుస్సున పైకి చిమ్మాయి. పిల్లల ఏడుపులకు ఉజ్వల్ బెదిరిపోయి, ఆ ఇనుప గొట్టాన్నే పిడికి తొడిగి గుంజాడు. పిడి ఠక్కున విరిగింది. మమతారాణి సంచిలోంచి చెక్క బిరడా తీసి, మోకాటి లోతు నీళ్లలో పడుకుని, ఊపిరి బిగబట్టి దాన్ని వాల్వు మూతిలో సుత్తితో దిగ్గొట్టింది. నీళ్లు ఆగాయి. ఇంకో బోటు వచ్చి లాంచీని ఒడ్డుకు లాగింది. ఒక్కరికీ ఏమీ కాలేదు.

ఒడ్డున జనం కరుణాకర్‌రావును చుట్టుముట్టారు. అందరి చేతుల్లో వీడియో తీస్తున్న ఫోన్లు.

"నన్నేం జేయమంటరు? రిపేరు చేసింది గీ పిల్లనే. అంతా మంచిగున్నదంటెనే నడిపినం," అన్నాడాయన.

మమతారాణి ఉజ్వల్ వైపు చూసింది. అతను తడిసిన తన బూట్లను చూసుకుంటున్నాడు.

ఆ వీడియో సాయంత్రానికల్లా సిరిసిల్ల చేరింది. కడెం వాళ్లు వేరే మనిషిని చూసుకున్నామన్నారు. పంపుసెట్లవాళ్లు కూడా పిలవడం మానేశారు. వాడకట్టులో ఆమెకు "పడవ ముంచిన పిల్ల" అని పేరు పడింది.

ముసురు పట్టిన ఒక పొద్దున ఉజ్వల్ మమతారాణి ఇంటి ముందు బండి దిగాడు.

"బాపుకు అంతా చెప్పిన. నువ్వొద్దన్నవని, పిడి ఇరగ్గొట్టింది నేనేనని. నిన్ను చేసుకుంటనని గూడ చెప్పిన. ఒప్పుకున్నడు మమతా! మా అమ్మ బేస్తారం మీ ఇంటికొస్తనంటుంది."

ఆమె మనసు ఒక్కసారి పొంగింది. నిజంగానే పొంగింది.

"అందరి ముందట చెప్పినవా?"

"ఇంట్ల చెప్పిన."

"మీ బాపు నన్నన్నది ఇంట్లనా?"

"ఇప్పుడు బయటపెడితే కేసయితది, లైసెన్సు పోతది. పెండ్లయినంక నిన్ను ఎవలేమంటరు చెప్పు?"

"మీ ఇంటి కోడలినైతెనే నా తప్పు మాఫయితదన్నట్టు. చెయ్యని తప్పు."

"గట్ల గాదు... ఆ దినం నాకు భయమైంది."

"నాకూ అయింది. బిరడా కొట్టేటప్పుడు."

వాన జోరందుకుంది. ఇద్దరిలో ఎవరూ చూరు కిందికి జరగలేదు.

"నేనంటే ఇష్టం లేదా?"

"ఉన్నది," అంది మమతారాణి. "గందుకే గీంతసేపు నిలబడ్డ. ఇగ పో."

బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చింది. సాంచాల మధ్య నుంచి పర్శరాములు గట్టిగా అడిగాడు. "ఎవలు బిడ్డా?"

"లాంచీ వాళ్లు బాపూ. రమ్మంటున్నరు."

"ఏమన్నవ్?"

"రానన్న."

ఆయన బిడ్డ ముఖం చూసి, ఆపి ఉన్న రెండో సాంచాను కూడా నడిపించాడు. ఆ చప్పుడులో ఆమె గోడకు ఆనుకుని ఎంత గట్టిగా ఏడ్చినా వీధిలోకి వినపడలేదు.