రెండు వేళ్లంత నోరు

"తొమ్మిదింటికి ఇంజెక్షన్. పదింటికి ఒప్పందం మీద చర్చ. సూది పడేలోగా సిరంజి మారుతుంది, మన దూత చస్తాడు. అదీ అవతలివాళ్ల ప్లాన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తలూపాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ 'తాళం' అంటారు. మూడేళ్ల క్రితం శత్రువుల సెల్‌లో తొమ్మిది రోజులు ఒకటే ప్రశ్న: నీతో వచ్చిన రెండో ఏజెంట్ ఎవరు? అతను చెప్పలేదు. దవడ కీలు విరగ్గొట్టారు. అప్పట్నుంచి నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోదు.

"దూతకూ నీ జబ్బే. దవడ పట్టేసింది. కీల్లోకి ఇచ్చే ఈ కొత్త మందు చల్లగా ఉన్నంతసేపూ నీళ్లే. ఒంటి వేడి తగిలితే పది లెక్కపెట్టేలోగా జెల్లీ అవుతుంది. అరగంటలో నోరు తెరిపిస్తుంది, ఆపైన లోపలే ఉండి నెలంతా కొంచెం కొంచెంగా పనిచేస్తుంది. క్లినిక్‌లో డాక్టర్ మన మనిషే. నువ్వు అసిస్టెంట్‌వి. కోడ్, 'ఎన్ని వేళ్లు పడతాయి?'"

"నాకూ ఒక డోసు ఇప్పిస్తామన్నారు," అన్నాడు తాళం, పళ్ల సందులోంచే.

"రెండున్నాయిలే. ఒకటి నీదే. ముందు పని కానివ్వు."

క్లినిక్‌లో తొమ్మిదికి ఐదు నిమిషాలు. డాక్టర్ మాస్క్ పైన ఆ కళ్లు చూడగానే తాళం గుర్తుపట్టాడు. తొమ్మిది రోజులూ అతను చెప్పని పేరు ఆమెదే.

"ఎన్ని వేళ్లు పడతాయి?" అంది డాక్టర్.

"రెండే."

"అయ్యో పాపం. ఇంకా నొప్పేనా?"

ఆ ఒక్క మాటకే కరిగిపోయాడు, వెర్రివాడు!

దూత కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె ఐస్ ట్రేలోంచి సిరంజి తీసి, గాలి పోయేలా నొక్కింది. ఒక చుక్క తాళం మణికట్టు మీద పడింది. ఆమె దూత చెవి ముందు గుంటను వేలితో వెతుకుతోంది. తాళం మనసులోనే లెక్కపెట్టాడు. ఎనిమిది, తొమ్మిది, పది. చుక్క గట్టిపడలేదు. నీళ్లలా జారి గ్లౌజులోకి పోయింది.

సూది చర్మాన్ని తాకింది. తాళం ఆమె చెయ్యి మెలిపెట్టాడు. సిరంజి నేల మీద పడి పగిలింది.

"నీ కోసం తొమ్మిది రోజులు..."

"నేను అడిగానా?" అంది ఆమె.

నిజమే, అడగలేదు. అదే అతనికి ఎక్కువ మండింది.

ఆమె బ్యాగులో అసలు మందు ఒక్కటే దొరికింది. రెండోది అప్పటికే సరిహద్దు దాటింది. దొరికినదాన్ని పక్కగది డాక్టర్ దూతకిచ్చాడు. పదింటికి దూత నోరారా మాట్లాడాడు, సంతకాలు పడ్డాయి.

"శభాష్! నీ డోసు సంగతి వచ్చే నెల చూద్దాం," అన్నాడు చీఫ్ భుజం తట్టి. "మధ్యాహ్నం విందుంది. తప్పకుండా రా."

"సూప్ ఉంటే చెప్పండి," అన్నాడు తాళం.