చేతి నుంచి చేతికి

సోమవారం పొద్దున చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే డయానా మూడుసార్లు హాల్లోకి తొంగి చూసింది. మూడు నెలల ఫేబీ ఉయ్యాలలో కాళ్లు తన్నుకుంటోంది. అత్త మంగవ్వ మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. మామ రాజనర్సయ్య బాల్కనీలో నిలబడి కింది సందు చూస్తున్నాడు. ఆ సందులో హాస్టల్ బోర్డులు, ఇడ్లీ బండి తప్ప చూడ్డానికి ఏమీ లేదు. డయానా సెలవు నిన్నటితో అయిపోయింది. పది గంటలకు అమీర్‌పేట మెట్రో పక్కన కోచింగ్ సెంటర్లో క్లాసు ఉంది.

ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు కుర్చీలో ఎలా కూర్చోవాలో, చేయి ఎలా కలపాలో, అవతలి మనిషి వెనక్కి జరిగితే ఏమనుకుంటున్నట్టో చెప్పడం ఆమె ఉద్యోగం. నోరు అబద్ధమాడుతుంది గానీ ఒళ్లు ఆడదని ప్రతి బ్యాచికీ చెబుతుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, సొంత ఇంట్లో మామ సంగతి మాత్రం రెండేళ్లయినా ఆమెకు అంతుచిక్కలేదు.

రాజనర్సయ్య ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. కోడల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆమె వండిన చేపల పులుసు రెండోసారి అడిగి మరీ వేయించుకుంటాడు, అదీ భార్య చేత. కానీ డయానా హాల్లోకి వస్తే సోఫాలోంచి లేచిపోతాడు. టీ గ్లాసు చేతికిస్తే, ఆడ వెట్టమ్మా అంటాడు. పాప పుట్టాకా అదే వరస. ఆమె పాపను చాప మీద పడుకోబెట్టి రెండడుగులు వెనక్కి జరగాలి. అప్పుడు ఆయన వంగి ఎత్తుకుంటాడు. ఎత్తుకున్నాక ఆ ముద్దులకు అంతుండదు.

డయానా పెరిగిన ఇంట్లో ఇలాంటివి లేవు. ఆదివారం ప్రార్థన అయ్యాక వందనాలంటూ చేతులు కలపని మనిషి ఉండడు. ఆమె నాన్న సైలస్ కూతురి తల మీద చేయి పెట్టి ప్రార్థన చేయనిదే గడప దాటనివ్వడు. ఆ ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. నానమ్మ అమృతమ్మ చిన్నప్పుడు కూలికి పోయిన చోట నీళ్లు ఎత్తు నుంచి దోసిట్లో పోసేవారట. సద్ది గిన్నె నేల మీద పెట్టి దూరంగా జరిగేవారట. నానమ్మ ఆ సంగతి నవ్వుతూనే చెప్పేది. వింటున్నవాళ్లకే నవ్వు వచ్చేది కాదు.

అందుకే డయానాకు రెండేళ్లుగా ఒకటే గందరగోళం. నా వంట తినే మనిషికి నా చేయి ఎందుకు పనికిరాదు? అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు. భర్త అనుదీప్‌ను అడిగితే, నాయిన అంతే, మనసుల వెట్టుకోకు అని తేల్చేశాడు.

ఇక ఇవాళ్టి నుంచి పాపను చూసుకోవాల్సింది మామే. మంగవ్వ మోకాళ్లతో పాపను ఎత్తుకుని లేవలేదు.

ఎనిమిదిన్నరకి ఎదురింటి రవళి బల్కంపేట ఎల్లమ్మ గుడి నుంచి వస్తూ ప్రసాదం గిన్నె పట్టుకొచ్చింది. తలుపు దగ్గర రాజనర్సయ్య చేయి చాపి, ఆమె చేతిలోంచే గిన్నె అందుకున్నాడు. సల్లగుండు బిడ్డా అంటూ ఆమె తల నిమిరాడు. వంటింటి గుమ్మంలో నిలబడి డయానా అంతా చూసింది. ఇన్నాళ్లూ లెక్క తేలని ప్రశ్నకు జవాబు దొరికినట్టే అనిపించింది. నానమ్మ పట్టిన దోసిలి గుర్తొచ్చింది.

ఉయ్యాలలోంచి పాపను తీసుకుని తిన్నగా మామ ముందుకు వెళ్లి చేతులు చాపింది.

"పట్టుకోండి మామయ్యా."

ఆయన అడుగు వెనక్కి వేశాడు. చూపు గోడ మీదికి పోయింది. "చాప మీద పండవెట్టమ్మా."

"రవళి చేతిల నుంచి తీస్కున్నరు కద. నా చేతిల నుంచి ఎందుకు తీస్కోరు? మేము ఏ కులపోళ్లమో అదే మీకు యాదికుంటదా?"

రాజనర్సయ్య ముఖంలో రంగు పోయింది. తన చేతులకేసి చూసుకున్నాడు, చేయని తప్పు వాటి మీద కనబడుతుందేమోనన్నట్టు. ఆ తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీదికి వెళ్లిపోయాడు.

వెళ్లిపోవడమే ఒప్పుకోవడమని డయానా అనుకుంది. బూట్లు తొడుక్కుంటూ బయటికొచ్చిన అనుదీప్‌తో, పాపను యూసుఫ్‌గూడలో అమ్మ దగ్గరికి తీసుకుపోతున్నానని, వేరే ఇల్లు చూసేదాకా ఈ గడప తొక్కనని చెప్పేసింది. అతను పంజాగుట్ట ఆఫీసులో మీటింగ్ ఉందనీ, సాయంత్రం మాట్లాడుకుందామనీ నసిగి వెళ్లిపోయాడు. ఆమె ఫోన్లో ఆటో బుక్ చేసి, పాపను మంచం మీద పడుకోబెట్టి బట్టలు సంచిలో కుక్కసాగింది.

మంగవ్వ గోడ పట్టుకుని లేచి వచ్చి, సంచి పక్కన మంచం మీద కూలబడింది.

"నేను గీ ఇంటికి కోడలుగ వచ్చినప్పుడు మా మామ సుత గిట్లనే ఉండె. గీ అనుదీప్‌ను చాటల పండవెట్టి నేను పక్కకు జరిగితేనే ఎత్తుకునేటోడు. చేతికెల్లి తీస్కుంటె మామ చెయ్యి కోడలి ఒంటికి తగుల్తదని. నువ్వొచ్చినంక నీ మామ సోఫాలకెల్లి లేస్తుండంటె, నువ్వు కాళ్లు జాపుకొని కూసోవాల్నని. మా తాన అది ఇజ్జత్ బిడ్డా."

"మరి రవళి?"

"రవళి బిడ్డ అసొంటిది. కోడలంటె వేరు. కోడలికి ఎక్కువ మర్యాద."

మర్యాద ఎక్కువైతే దూరం ఎక్కువా? డయానాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్త అబద్ధమాడటం లేదని తెలుస్తూనే ఉంది. సంచి వదిలేసి నేల మీదే కూర్చుంది.

"మా నానమ్మ ముందర గిన్నె కింద పెట్టి జరిగేటోళ్లు అత్తమ్మా. మామయ్య సుత కింద పెట్టమని జరుగుతరు. రెండూ చూసెటందుకు ఒక్క తీరే ఉన్నయి. ఏది అవమానమో ఏది మర్యాదనో నేనెట్ల గుర్తువట్టాలె?"

మంగవ్వ సంచిని పక్కకు జరిపింది. "గది నాకు తెల్వది. ఆయన్నే చెప్పనియ్యి" అంది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఇంట్లోకి వచ్చే ముందు దగ్గడం రాజనర్సయ్యకు అలవాటు. ఎంతసేపటి నుంచి మెట్ల మీద ఉన్నాడో గానీ అంతా విన్నట్టే ఉన్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆటోవాడు ఫోన్ చేస్తున్నాడు. డయానా ఎత్తలేదు.

"గట్ల కింద పెట్టుడు మా ఊర్ల సుత ఉండె" అన్నాడు ఆయన. మొదటిసారి కోడలి ముఖంలోకి చూసి మాట్లాడాడు. "మా అమ్మనే చేసేది. నేను కండ్లార చూసిన. కానీ నువ్వు అట్ల అనుకుంటవని నాకు తట్టలె. తట్టాలె అసలు. ముప్పై ఏండ్లు బస్సుల ఆడోళ్ల మధ్యలకెల్లి ఎవ్వలికి తగలకుండ తిరిగిన. దూరం ఉంటెనే మంచోడిననుకున్న. నీ తప్పు లేదమ్మా."

డయానా రెండేళ్ల కోపం ఒక్క నిమిషంలో పోదు. పోయిందని చెబితే అబద్ధం అవుతుంది. కానీ తల్లి చేసిన తప్పును కోడలి ముందు ఒప్పుకోవడానికి ఆ పెద్దాయనకు ఎంత కష్టమైందో ఆమెకు అర్థమైంది. కళ్లు నిండిపోయాయి. లేచి నిలబడి, మంచం మీది పాపను ఎత్తుకుని మళ్లీ ముందుకు చాపింది.

ఈసారి ఆయన వెనక్కి జరగలేదు. ముందుకూ రాలేదు. ముందు కుడి చేయి, తర్వాత ఎడమ చేయి చాపి, రెండూ దింపేశాడు.

"ఎట్ల తీస్కోవాలె? జర చెప్పు."

వేలమందికి చేయి కలపడం నేర్పిన డయానాకు ఒక్క ముక్క తోచలేదు. పాప మెడ ఇంకా పూర్తిగా నిలవలేదు. ఆమె అరచేయి పాప తల కింద ఉంది. తన చేయి తీయాలంటే, దాని కిందికి ఆయన చేయి రావాల్సిందే.

"నా చేతి కిందికెల్లి పెట్టండి మామయ్యా" అంది మెల్లగా.

రాజనర్సయ్య ముఖం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, చేయి పెట్టాడు. ఏళ్ల తరబడి బస్సు కమ్మీలు పట్టుకుని గట్టిపడిన అరచేయి ఆమె వేళ్ల వెనక గరుగ్గా తగిలింది. డయానా తన చేయి వెనక్కి లాక్కోలేదు.

పాప ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఎవరి చేయి ముందు తీయాలో తెలియక ఇద్దరూ అలాగే నిలబడిపోయారు.